ఇది మా లిమిట్స్ కాదప్పా!

ఇన్‌స్టాగ్రామ్‌కు పొలిమేర రాళ్లు లేవని ఎవరన్నారు? ఒకటి ప్రొద్దుటూరులో ఉంది, ఒకటి జమ్మలమడుగులో, ఇంకొకటి పులివెందులలో. అవి కంటికి కనబడాలంటే మన పిల్ల ఫొటోను ఎవడో మార్ఫింగ్ చేసి బెదిరించాలి, తండ్రి స్టేషన్ మెట్లెక్కాలి.

అనుకుందాం. ఇల్లు ప్రొద్దుటూరు. పిల్ల చదివేది పులివెందుల హాస్టల్లో. బెదిరించేవాడిది జమ్మలమడుగని ప్రొఫైల్ చెబుతోంది. నిజమో కాదో అందులోని హీరో బొమ్మకే తెలియాలి.

"మెసేజ్ మీ పాప యాడ చూసిందప్పా?"

"హాస్టల్లో సార్."

"అయితే ఆడికి పొండి."

ఆడ ఇంకో ప్రశ్న: "పంపినోడు యాడుండాడు?" మూడో చోట ప్రశ్నలే లేవు. "సైబర్ అంటే కడపకు పోవాల." ఆర్టీసీ బస్సులో తండ్రికి జిల్లా దర్శనం పూర్తయ్యేసరికి ఆ ఫొటో ఎన్ని ఊళ్లు తిరిగిందో! దాన్ని మాత్రం ఎవరూ లిమిట్స్ అడగలేదు.

చట్టం ఇంత చాదస్తంగా లేదు. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. 2012 నాటి పోక్సో చట్టమైతే కల్పించిన బొమ్మతో బెదిరించడాన్నీ నేరమంది. రాసుకోని అధికారికి ఆరు నెలల దాకా జైలంది. పిల్ల వాంగ్మూలం ఇంటికే వచ్చి, వీలైనంత వరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా తీసుకోవాలంది. మనం మాత్రం పిల్లను వెంటబెట్టుకెళ్లి, వచ్చేపోయే వాళ్లంతా చూసేలా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెడతాం.

ఐటీ చట్టం కేసును ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. దీన్ని మనవాళ్లు 'సీఐ సార్ వచ్చేదాకా కూర్చోండి' అని చదువుకున్నారు. సార్ బందోబస్తులో ఉంటారు. ఒక్క జెడ్పీటీసీ సీటుకు ఉప ఎన్నికొస్తే పులివెందులలో ఎంత బందోబస్తు దిగిందో 2025 ఆగస్టులో చూశాం కదా. పిల్లల గోడుకు పోలింగ్ తేదీ ఉండదు మరి.

పోలీసులనే అనడం అన్యాయం. ఇంట్లో మేనమామ ఉంటాడు. "పరువు పోతాది బావా, అంతా డిలీట్ చెయ్యి" అంటాడు. బెదిరింపు, ఐడీ, లింకు, టైమూ అన్నీ పోతాయి. పరువు మాత్రం మిగులుతుంది, బెదిరించినవాడికి. తెలిసీ చెప్పకపోతే పోక్సోలోని ఆ ఆరు నెలల శిక్ష తనకూ వర్తిస్తుందని మామకు తెలియదు. ఈలోపు వాట్సాప్ గ్రూపులో ఒక సంఘసంస్కర్త ఆ ఫొటోనే పెట్టి, 'ఈ దుర్మార్గుడు దొరికేదాకా షేర్ చేయండి' అంటాడు. ఐటీ చట్టం 67బీ సెక్షన్ కింద అలాంటి ఫొటో పంచినవాడికి ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. సంస్కర్తకు మినహాయింపు లేదు.

చివరకు తండ్రి స్క్రీన్‌షాట్లు ప్రింట్లు తీయించి, 173 అని పెద్దక్షరాలతో రాసి బల్లమీద పెట్టాడనుకోండి. రైటర్ కళ్లద్దాలు సర్దుకుంటాడు.

"ఈ సెక్షన్లన్నీ నీకెవరు చెప్పినారప్పా?"

"మా పాపే సార్. ఫోన్లో చూసి చెప్పింది."

"ఇందుకే ఆడపిల్లలకు ఫోన్లు ఇయ్యొద్దనేది."