కుక్కగారి వేలిముద్ర

(హైదరాబాదు, కొండాపూర్. రెండు పడగ్గదుల ఫ్లాటు. రెండో పడగ్గది ఇప్పుడు ఆఫీసు. అందులో ఒక బల్ల. బల్ల కింద స్ప్రింట్ అనే కుక్క, బల్ల మీద బగ్ అనే పిల్లి, రెంటికీ మధ్య పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరుతో సాఫ్ట్‌వేర్ అల్లుడు. పక్క కుర్చీలో కోనసీమనుంచి రాత్రి బస్సుకొచ్చిన మామగారు. రిటైరైన పల్లెటూరి పోస్టుమాస్టరు.)

స్ప్రింట్: భౌ! భౌ!

అల్లుడు: (మైకులో) సారీ గైస్, మా కుక్క! ఒక్క నిమిషం. (మైకు నొక్కేసి) చూశారా మావయ్యగారూ, అందరూ ఎంత ముచ్చటపడుతున్నారో!

మామ: ముచ్చట సరేనండీ. ఆ గడ్డపాయనేదో అడుగుతున్నాడు. శుక్రవారం ఇస్తానన్న పని ఏమైందని.

అల్లుడు: అందుకేగా మొరిగించింది.

మామ: మొరిగించారా?

అల్లుడు: బిస్కెట్టు చూపించి పెట్టకపోతే మొరుగుతుంది. ఏం చెయ్యమంటారు? నెట్టు పోయిందంటే ఫోన్లోంచి పెట్టుకోమంటారు. కరెంటు పోయిందంటే ఇన్వర్టరు లేదా అంటారు. జ్వరమంటే మాత్ర వేసుకుని మీటింగుకి రమ్మంటారు. కుక్క అంటే మాత్రం మా మేనేజరు వెన్నలా కరిగిపోతాడు.

మామ: పోయినేడు నాకు కంటాపరేషనైతే సెలవు దొరకలేదన్నారు.

అల్లుడు: మావగారి కన్నంటే ఎవరు కరుగుతారండీ?

మామ: నిజమే. అమ్మాయేదీ, కనపడదు?

అల్లుడు: బ్యాంకుకి వెళ్లింది. స్ప్రింట్‌ని చూసుకోడానికి ఇంట్లో ఎవరో ఒకరుండాలి కదా అని నేనే త్యాగం చేశాను. 2020 లాక్‌డౌన్‌లో తెచ్చుకున్నాం దీన్ని. అప్పట్నుంచీ ఒక్క పూట నన్ను విడిచి ఉండలేదు.

మామ: మేమూ ఇంట్లోంచే పనిచేశామండీ. బ్రాంచి పోస్టాఫీసుకి చోటు పోస్టుమాస్టరే చూపించాలి. మా వీధరుగే ఆఫీసు. త్రాసు, తేదీ ముద్ర, డబ్బుపెట్టె వాళ్లవి. అరుగు, బల్ల, చీపురు మావి. అరుగు పక్కనే పశువుల పాక.

అల్లుడు: అబ్బో! మీది అప్పట్లోనే వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నమాట!

మామ: ఆ పేరు పెట్టుంటే నాలుగు రూపాయలు ఎక్కువిచ్చేవారేమో. మమ్మల్ని ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్ అన్నారు. వేరే జీవనాధారం ఉన్నవాడికే ఈ ఉద్యోగమన్నారు. ఆ జీవనాధారం గేదె.

అల్లుడు: మరి పనికి అడ్డం రాలేదూ?

మామ: ఎందుకు రాదండీ? ఓసారి మేక మనియార్డరు ఫారం సగం నమిలేసింది. మిగిలిన సగం జతచేసి, 'మేక భక్షించినది' అని పైకి రిపోర్టు రాశాను. మేక యజమాని సంజాయిషీ తీసుకుని పంపవలెనని ఇన్‌స్పెక్టరు జవాబు. యజమానీ నేనే, పోస్టుమాస్టరూ నేనే. నాకు నేనే నోటీసిచ్చుకుని, నేనే సంజాయిషీ రాసుకుని, అది సంతృప్తికరంగా ఉన్నదని నేనే తేదీ ముద్ర కొట్టి పంపాను.

(బగ్ లేచి ఒళ్లు విరుచుకుని కీబోర్డు మీద అడ్డంగా పడుకుంటుంది. తెరమీద బారెడు 'ఝఝఝఝ'.)

మామ: అయ్యో, ఎక్కడికో వెళ్లిపోయిందండీ ఆ రాత!

అల్లుడు: టీమ్ గ్రూపులోకి. ఫర్వాలేదు, అప్పుడే ముగ్గురు బొటనవేలు చూపించారు. కీబోర్డు మీద పిల్లి నడిస్తే పసిగట్టే సాఫ్ట్‌వేరొకటి అమెరికాలో ఎప్పుడో చేశారు మావయ్యగారూ. పాసెన్స్ అని. 2000లో దానికి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు.

మామ: వేయించుకోలేకపోయారా?

అల్లుడు: అమ్మో, కొంప మునుగుతుంది! ఐదు నిమిషాలు ఏ మీటా కదలకపోతే నా పేరు పక్కన పచ్చచుక్క పసుపైపోతుంది. పసుపైతే మేనేజరు 'హాయ్' అని పెడతాడు. ఒట్టి 'హాయ్'. దాని తర్వాత ఏమొస్తుందో అని గుండె ఆగిపోతుంది. పిల్లి రోజులో సగం పైన నిద్రే కదా, ఆ నిద్రేదో కీబోర్డు మీద పోతుంది. అదే నిద్ర నేను మంచమ్మీద పోతాను. కంపెనీ లెక్కలో అది సిన్సియరు, నేను సోమరి.

(మామగారు పకోడీ తుంచి బల్ల కిందకి చెయ్యి చాపుతారు.)

అల్లుడు: వద్దొద్దు! అందులో ఉల్లిపాయుంది. ఉల్లీ వెల్లుల్లీ కుక్కకి విషం. రక్తంలో ఎర్రకణాల్ని పాడుచేస్తాయి.

మామ: మా వీధి కుక్కలు పులుసన్నం తినే పెరిగాయి. అవున్లెండి, వాటికి రక్తపరీక్ష చేసినవాడెవడు.

(బెల్లు. అసోసియేషన్ సెక్రటరీ. చేతిలో రిజిస్టరు, చెవిలో పెన్ను.)

సెక్రటరీ: ఏంది సార్ ఇది? పొద్దుగాల మీ కుక్క మళ్లీ లిఫ్టెక్కింది. రూల్ రూలే. ఐదొందలు.

అల్లుడు: ఏ రూలండీ? కుక్కని లిఫ్టు ఎక్కొద్దనడానికి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. సభ్యులంతా చేతులెత్తి తీర్మానం చేసినా సరే, అపార్ట్‌మెంటులో కుక్కని పెంచొద్దనడానికి వీల్లేదు. మొరగడం కారణంగా చూపించినా చెల్లదు.

సెక్రటరీ: చదివిన సార్. అందుకే మేం బ్యాన్ చెయ్యలే. మా రిజిస్టర్ల ఈ బ్లాకుల కుక్కలే లేవు. సున్నా. లేనిదాన్ని బ్యాన్ ఎట్ల చేస్తం?

మామ: మరి ఐదొందలు దేనికి బాబూ?

సెక్రటరీ: లేని కుక్క లిఫ్టెక్కినందుకు పెద్దయ్యా.

మామ: (అల్లుడితో, మెచ్చుకోలుగా) మా డిపార్ట్‌మెంటులో ఉండాల్సినవాడు.

(ల్యాప్‌టాప్ టింగుమంటుంది. అల్లుడి మొహం పాలిపోతుంది.)

అల్లుడు: హెచ్చార్! నా అప్లికేషనుకి జవాబొచ్చింది.

మామ: ఏమని పెట్టారేంటి?

అల్లుడు: పోయిన నెల మా హెచ్చార్ మేడం ఇంక్రిమెంట్లు ఈసారి లేవని ఒక మెయిలు, వెంటనే 'మీ పెట్ మా ఫ్యామిలీ' అని ఫోటోల పోటీకి ఒక మెయిలు పెట్టారు. స్ప్రింట్‌కి ఫస్టు ప్రైజు. కంపెనీ బొమ్మున్న మెడపట్టీ ఇచ్చారు. మర్నాడే, వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలని ఆర్డరు. నేనూరుకుంటానా? నేను గడప దాటితే మీ ఫ్యామిలీ మెంబరు అన్నం ముట్టదు, సోఫా చింపేస్తుంది, దాన్ని సెపరేషన్ యాంగ్జైటీ అంటారు, నన్ను ఇంట్లోనే ఉండనివ్వండి అని పెట్టాను.

మామ: ఆ జబ్బు నిజంగా ఉందా?

అల్లుడు: కుక్కలకి ఉంటుందండీ. పశువుల డాక్టరు చెప్తాడు.

మామ: దీనికుందా అని.

అల్లుడు: (తగ్గి) మొన్న నేను ఊరెళ్తే ఎదురింటివాళ్ల దగ్గర రెండు పూటలా తినేసి హాయిగా పడుకుందట.

మామ: కంగారుపడకండి. నేనూ ఓ రోజు అరుగు ఆలస్యంగా తెరిచి, గేదె ఈనిందని రాశాను. గేదె ఈనుట ఆలస్యానికి కారణముగా పరిగణింపబడదు అని రాశాడు ఇన్‌స్పెక్టరు. మర్నాడు సొంతంగా వచ్చి జున్ను పట్టుకెళ్లాడు.

అల్లుడు: జున్నా? గేదె ఈనకుండానే?

మామ: ఈనిందండీ, పక్కింటివాళ్ల గేదె. మీ జవాబు చదవండి ముందు.

అల్లుడు: 'మీ అభ్యర్థనను సానుభూతితో పరిశీలిస్తున్నాము. పశువైద్యుని సర్టిఫికెట్, రేబిస్ టీకా కార్డు, మీపై ఆధారపడిన సభ్యుని స్వీయ ధ్రువీకరణ, సంతకముతో జతచేయగలరు.' స్వీయ ధ్రువీకరణంటే... కుక్కతోనా?

మామ: డిపెండెంటు గడిలో దాని పేరు రాశారా?

అల్లుడు: సానుభూతి కోసం రాశాను.

మామ: అయితే కంప్యూటరుది తప్పు లేదు. సంతకం రానివాళ్లకి పద్ధతుందండీ. ఊళ్లో మనియార్డర్లన్నీ నేనిలాగే పంచాను. (బల్లమీది స్టాంపుప్యాడ్ మూత తీసి) ఎడమచేతి బొటనవేలు. ఏదీ, ఇలా ఇవ్వమ్మా స్ప్రింటూ... దీనికి బొటనవేలు పైకెక్కడో ఉందే. సరే, పాదమంతా వేసేద్దాం.

(కాగితమ్మీద పెద్ద నీలం పాదం. పిల్లి లేచొచ్చి వాసన చూస్తుంది. పక్కనే చిన్న నీలం పాదం పడుతుంది.)

అల్లుడు: అయ్యో, రెండయ్యాయే!

మామ: ఉంచండి, జాయింటు అకౌంటనుకుంటారు. ఇప్పుడు దీనికింద సాక్షి సంతకం. ఇంటి మనిషిది చెల్లదు. (సెక్రటరీకి పెన్ను చాపి) బాబూ, చదువుకున్నవాడివి, ఓ గీత గియ్యి. 'పై ముద్ర నా యెదుట వేయబడినది' అని.

సెక్రటరీ: (చేతులు వెనక్కి పెట్టుకుని) ఏం పెద్దయ్యా, నన్ను ఇరికిస్తున్నవా? నేను సంతకం పెడితే ఈ బ్లాకుల కుక్క ఉన్నట్టే గద! జీరో అని పోయిన నెల జనరల్ బాడీకి రాసిచ్చింది నేనే.

అల్లుడు: ఐదొందలకి రసీదిస్తారుగా, అదైనా జతచేస్తాను!

సెక్రటరీ: రసీదా? లేని కుక్కకు రసీదు ఎక్కడిది సార్?