అంకె వచ్చాక ఏం చేయాలి? – ఒక షుగరు మిషను ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది తెనాలిలో ఓ ఇంటి వంటగది అలమరలో ఉండే షుగరు మిషను. అరచేతిలో ఇమిడిపోతుంది. నాణెమంత బ్యాటరీతో బతుకుతుంది. చెప్పాల్సింది సొంత గొప్ప కాదు, చుట్టూ ఉన్న మనుషుల సంగతి. అందుకే ‘నేను’ అనే మాట పక్కనపెట్టి, తనను ‘ఈ మిషను’ అనే చెప్పుకుంటుంది.

దీని వంశానికి మూలపురుషుడు అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ పట్టణంలో పుట్టాడు. 1970 ప్రాంతంలో మైల్స్ లేబొరేటరీస్ కోసం ఆంటన్ క్లెమెన్స్ తయారుచేసిన ఆ యంత్రం పేరు ఏమ్స్ రిఫ్లెక్టెన్స్ మీటరు. కిలోకు పైగా బరువు, వందల డాలర్ల ధర. పట్టీ మీద పెద్ద రక్తపు చుక్క వేసి, నిమిషం ఆగి, నీళ్లతో కడిగి లోపల పెడితే, మారిన రంగును బట్టి ముల్లు కదిలేది. డాక్టర్లకు, ఆసుపత్రులకు తప్ప రోగులకు అమ్మేవారు కాదు.

అలాంటి యంత్రాన్ని ఇంటికి తెచ్చుకున్నవాడు రిచర్డ్ బెర్న్‌స్టీన్. పన్నెండేళ్ల వయసు నుంచి షుగరు ఉన్న ఇంజినీరు. తనకు అమ్మరు గనక, డాక్టరైన భార్య పేరు మీద కొనిపించాడు. రోజుకు పలుమార్లు చూసుకుంటూ, ఏం తింటే ఎంత పెరుగుతోందో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత తగ్గుతోందో రాసుకున్నాడు. ఆరోగ్యం కుదుటపడింది. ఆ సంగతి రాసి పంపితే వైద్య పత్రికలు తిప్పి పంపాయి. దాంతో నలభై అయిదేళ్ల వయసులో మెడికల్ కాలేజీలో చేరి తానే డాక్టరయ్యాడు. 2025లో, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన చెప్పిన పథ్యం మీద డాక్టర్లలో భిన్నాభిప్రాయాలున్నాయి. మిషను రోగి చేతిలోనే ఉండాలన్న మాట మాత్రం నిలబడింది.

అయితే రోగికి నేర్పడమన్నది మిషను పుట్టకముందే మొదలైంది. బోస్టన్‌లో డాక్టర్ ఎలియట్ జాస్లిన్ 1918లోనే డాక్టరూ రోగీ ఇద్దరూ చదువుకునేలా పుస్తకం రాశాడు. ఇన్సులిన్ ఇంకా రాలేదప్పటికి. మూత్రాన్ని నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణంలో కలిపి కాచడం, అది ఆకుపచ్చకు తిరిగిందా, ఇటుక రంగుకు తిరిగిందా చూసుకోవడం, ఇవి రోగి నేర్చుకోవాల్సిన విద్యలు. 1922లో ఇన్సులిన్ చేతికొచ్చాక సూది వేసుకోవడమూ నేర్పారు. నేర్పేవాళ్లలో నర్సులే ముఖ్యులు.

ఈ మిషనుకు అందరికన్నా ఇష్టమైన మనిషి లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ లియోనా మిల్లర్. అక్కడికి వచ్చేది ఎక్కువగా పేదవాళ్లు. ఆమె వాళ్లకు జబ్బు గురించి నేర్పించి, అనుమానం వస్తే పిలవడానికి ఒక ఫోను ఏర్పాటు చేసింది. స్పృహ తప్పి ఆసుపత్రికి వచ్చే షుగరు రోగుల సంఖ్య బాగా తగ్గిందని 1972లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించారు. కొత్త మందేదీ లేదు. నేర్పే మనిషి, ఎత్తే ఫోను, అంతే.

తర్వాత వచ్చిన లెక్కలూ అదే చెప్పాయి. అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్ 1 రోగులతో సాగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. రోజుకు నాలుగుసార్లయినా చూసుకుని, దాన్నిబట్టి ఇన్సులిన్ మార్చుకున్నవారికి కళ్లు దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. వాళ్ల వెనుక నర్సులూ ఆహార నిపుణులూ నిత్యం ఉన్నారు. 2007లో బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడని టైప్ 2 వారికి మిషన్లిచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాత్రలతో, పథ్యంతో నెట్టుకొస్తున్నవారు ఊరికే రోజూ వేళ్లు పొడుచుకోనక్కర్లేదని ఈ మిషనే ఒప్పుకుంటుంది. అంకె చూసి ఏదో ఒకటి మార్చుకునేవారికే అది అక్కరకొస్తుంది.

తెనాలి ఇంట్లో జరిగిందీ అదే. ఇంటి పెద్దావిడ మొదట్లో అంకె చూడటం, నిట్టూర్చడం, ఆ రాత్రి అన్నం మానేయడం. మర్నాడు ఆకలికి తాళలేక రెండింతలు తినడం. ఓ రోజు క్లినిక్‌లో నర్సమ్మ అరగంట కూర్చోబెట్టి మాట్లాడింది. “ఇడ్లీ మానేయండి” అనలేదు. “తినే ముందోసారి, తిన్న రెండు గంటలకోసారి చూసి రాయండి పెద్దమ్మా” అంది. నాలుగు ఇడ్లీలు తిన్న రోజు 228. రెండు ఇడ్లీలూ ఒక గుడ్డూ తిన్న రోజు 171. నోటుబుక్కులో ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూశాక, నాలుగో ఇడ్లీని ఆవిడే వద్దంది.

ఇంకో సాయంత్రం 260 చూపించింది. అందరికీ గుండె జారింది. కోడలికి అనుమానం వచ్చింది: “అత్తయ్యా, సీతాఫలం ఒలిచారా?” మనవడికి ఒలిచి పెట్టిందట. సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని మళ్లీ చూస్తే 142. రక్తపు చుక్క అంటించే స్ట్రిప్పు కొసన ఉండే ఎంజైము చక్కెరతో కలిస్తే పుట్టే సన్నని కరెంటును కొలిచి అంకె చెప్పడమే ఈ మిషను పని. ఆ చక్కెర రక్తంలోదా, వేలికంటిన పండుదా అన్నది దానికి తెలియదు. పండు ఒలిచిన వేళ్ల మీద స్పిరిట్ దూది రుద్దినా తప్పుడు అంకె వచ్చిందని 2011లో జపాన్ పరిశోధకులు చూపించారు. నీళ్లతో కడగాల్సిందే.

అసలు పరీక్ష ఏకాదశి నాడు వచ్చింది. పెద్దాయనకూ షుగరే. ఉపవాసమున్నా పొద్దున్నే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకున్నారు. పదకొండు గంటలకు చెమటలు, చేతుల్లో వణుకు, ఏం మాట్లాడుతున్నారో తెలియడం లేదు. మిషను 58 అంది. మింగగలుగుతున్నారని చూసుకుని కోడలు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టించింది. “షుగరు మనిషికి పంచదారేంటమ్మా!” అని పక్కింటావిడ కంగారు పడింది. పావుగంట ఆగి చూస్తే 79. తర్వాత టిఫిన్ పెట్టారు. డెబ్బైకి దిగితే ముందు పంచదార, పావుగంటకు మళ్లీ పరీక్ష అని నర్సమ్మ చెప్పిన మాట ఆ రోజు ఆయన్ని కాపాడింది. ఉపవాసానికి ముందు మాత్ర సంగతి డాక్టర్ని అడగాలన్నది ఇప్పుడా ఇంట్లో అందరికీ తెలుసు.

మెల్‌బోర్న్ నుంచి కొడుకు ఇంకో మిషను తెచ్చాడు. అది 7.8 అని చూపిస్తే ఇంకేముంది, ప్రాణం మీదకొచ్చిందనుకున్నారు. అక్కడి కొలత వేరు. 18తో గుణిస్తే 140.

ఈ మిషను చూడలేనివీ ఉన్నాయి. షుగరు వల్ల తిమ్మిరెక్కిన పాదానికి వేడి తెలియదు. ఎండాకాలం మధ్యాహ్నం గుడి ప్రాంగణంలో బండల మీద నడిచి, ఇంటికొచ్చి పొక్కులు చూసుకునేవారు ఎందరో. రోజూ రాత్రి పాదాలు చూసుకోవడం, ఏటా కంటి పరీక్ష, ఇవి ఏ స్ట్రిప్పూ చేయలేని పనులు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు 10.1 కోట్లు. ముప్పై దాటినవారికి ఊళ్లలో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు షుగరు చూస్తున్నారు. మంచి పని. అయితే అంకె చెప్పి వెళ్లిపోతే పని సగమే అయినట్టు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక కుర్చీ, దాంట్లో ఆ నర్సమ్మలా అరగంట కూర్చుని నేర్పే మనిషి కావాలని ప్రభుత్వానికి ఈ మిషను మనవి చేస్తోంది.

మీ ఇంట్లో మిషను ఉంటే స్ట్రిప్పుల డబ్బా మీద గడువు తేదీ చూడండి. ఈసారి డాక్టరు దగ్గరికి నోటుబుక్కు తీసుకెళ్లండి. మందు రాయించుకోగానే లేచి రాకండి. ఎంతకు దిగితే ఏం చేయాలో, ఎంతకు పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలో అడగండి. ఆ నోటుబుక్కులోనే రాయించుకుని రండి.