పన్నెండో ప్రీమియం

విజయవాడ గవర్నరుపేటలో నేను ఆర్టికల్స్ చేసిన ఆడిటరుగారికి క్లయింట్ల గడువు తేదీలన్నీ కంఠతా వచ్చు. సొంత ఖర్చు దగ్గరికొచ్చేసరికే చెయ్యి బిగుసుకునేది. అందులోనూ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ అంటే ఒళ్లుమంట. పదకొండేళ్లు ప్రీమియం కట్టారు, ఒక్క క్లెయిమూ లేదు.

జూన్ నెలాఖరుకు గడువు. ఏజెంటు ఎప్పట్లాగే రిన్యువల్ కాగితాలతో వచ్చాడు. ఆయన మాకు క్లయింటు కూడా.

"ఇంగ్లండులో ప్రాక్టీసు పెట్టినవాళ్లకైతే ఇది తప్పనిసరయ్యా. మన ఇన్‌స్టిట్యూట్ అడగలేదుగా! పైగా దీని మీద 18 శాతం జీఎస్టీ ఒకటి. ఈసారి వద్దులే" అన్నారు ఆడిటరుగారు.

"అలా అనకండి సార్. బండి ఇన్సూరెన్సుకైతే గుద్దిన రోజున పాలసీ ఉంటే చాలు. దీనికి అలా కాదు. తప్పు ఎప్పుడు జరిగినా, అవతలివాడు మీ మీదికి వచ్చిన రోజున పాలసీ నడుస్తుండాలి. మధ్యలో తెగిందంటే ఈ పదకొండేళ్లు కట్టిందీ గంగలో పోసినట్టే. మీది సొంత ఫర్ము. ఏదైనా అయితే ఇంటి మీదికే వస్తుంది."

"నా పనిలో తప్పు పట్టే మొనగాడెవడయ్యా?"

ఆ డబ్బుకి మరికాస్త కలిపి ఆఫీసుకి ఏసీ కొన్నారు. నిజం చెప్పొద్దూ, బెజవాడ ఎండలకి ఉడికిపోయిన మాకు అదే న్యాయమనిపించింది.

జూలైలో ఏజెంటు మళ్లీ వచ్చాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. గడువు దాటి ఎన్నో రోజులు కాలేదనీ, మేనేజరు కాళ్లు పట్టుకునైనా పాత తేదీ నుంచే కలిపిస్తాననీ బతిమాలాడు. మూడోసారి గొంతు తగ్గించి, "నా కమీషన్ మీకే ఇచ్చేస్తాను సార్" అన్నాడు.

"రిబేటు ఇస్తే ఇన్సూరెన్సు చట్టం 41వ సెక్షన్ కింద నేరం" అని నవ్వి, టీ తాగించి పంపారు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆ మనిషి నా వంక అదోలా చూశాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఆగస్టులో ఓ సాయంత్రం వానలో తడుస్తూ వచ్చాడు. చొక్కా లోపల దాచుకున్న కవరు తీసి బల్లమీద పెట్టాడు.

"మళ్లీ పాలసీయేనా?"

"కాదు సార్. లాయరు నోటీసు. పోస్టులో పంపడం మర్యాద కాదని నేనే తెచ్చాను."

ఆడిటరుగారు కళ్లజోడు సవరించుకుని చదివారు. రెండేళ్ల కిందట మా ఆఫీసు వేసిన అతని ఇన్‌కంటాక్స్ రిటర్నులో, వచ్చిన కమీషన్‌లో 6 శాతమే లాభమని 44ఏడీ కింద చూపించాం. కమీషన్ ఆదాయానికి ఆ సెక్షన్ వర్తించదు. 194డీ కింద టీడీఎస్ కోసిన సొమ్ము కదా, కంపెనీ ఇచ్చింది ఎంతో, ఏమని ఇచ్చిందో డిపార్టుమెంటు దగ్గర పైసలతో సహా ఉంది. పట్టుకున్నారు. టాక్సు తనదే కాబట్టి తనే కట్టుకుంటాడట. వడ్డీ, పెనాల్టీ మాత్రం ఆడిటరుగారే భరించాలట.

ఆ రిటర్ను తయారుచేసింది నేను. చూడకుండా సరేనన్నది ఆయన.

కొత్త ఏసీ చప్పుడు తప్ప గదిలో ఇంకేం వినపడలేదు.

"డిపార్టుమెంటు నుంచి నీకెప్పుడొచ్చింది?" అన్నారు చివరికి.

"జూలై మొదటి వారంలో సార్."

"మూడుసార్లు వచ్చావు. మూడుసార్లూ పాలసీ పాలసీ అన్నావే గానీ, ఒక్కసారైనా ఈ సంగతి చెప్పావుటయ్యా?"

ఏజెంటు నొచ్చుకున్నాడు.

"ఎలా చెబుతాను సార్? ముందే తెలిసిన తప్పుకి పాలసీ వర్తించదు కదా!"