నూటికి నూరు

లండన్‌లో ఒక పత్రిక తాలూకు పరిశోధకులు ఏటా లోకంలోని దేశాలకు ప్రజాస్వామ్యంలో పదికి మార్కులేస్తారు. 2024లో మనకు 7.29 వచ్చాయి, 41వ స్థానం. 'లోపాలున్న ప్రజాస్వామ్యం' అట. పై వరసలో కూర్చునే స్విట్జర్లాండ్ ఆడవాళ్లకు దేశవ్యాప్త ఓటు ఇచ్చింది 1971లో. అక్కడే ఆపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే బుల్లి రాష్ట్రంలో 1990లో కోర్టు మొట్టికాయ వేస్తేగానీ స్థానిక ఓటు దక్కలేదు. మన మైపాడు తీరంలో చేపల గంపెత్తుకునే అక్కకు తొలి సాధారణ ఎన్నికల నాడే ఓటుంది. అమెరికా సంగతి సరేసరి: 2000లోనూ, 2016లోనూ తక్కువ ఓట్లొచ్చినాయనే గద్దెక్కాడు.

మరి మనకెక్కడ తగ్గాయబ్బా మార్కులు? ఆ పరీక్షకులు మన ఏకగ్రీవాన్ని చూసినట్టు లేరు.

2014 మార్చిలో ఉత్తర కొరియాలో కిమ్ జోంగ్ ఉన్‌కు తన నియోజకవర్గంలో నూటికి నూరు ఓట్లు పడ్డాయని ప్రకటిస్తే లోకం నవ్వింది. నాకైతే జాలేసింది. పాపం, అంతటి నియంత కూడా చీటీలు అచ్చేయించి, పెట్టెలు పెట్టి, జనాన్ని వరసలో నిలబెట్టాల్సి వచ్చింది! 2021 ఫిబ్రవరిలో మన ఆంధ్రలో పంచాయతీ ఎన్నికల తొలివిడతలో 3,249 ఊళ్లకు 525 ఏకగ్రీవాలు. చీటీ లేదు, పెట్టె లేదు, వేలికి సిరా లేదు. కొరియావాడికి ఆ ఒక్క పేరూ కొట్టేసే హక్కు కాగితం మీదైనా ఉంది. ఇక్కడ కొట్టేయడానికి కాగితమే రాదు. 2013లో సుప్రీంకోర్టు ఇప్పించిన నోటా ఉందిగా అంటారేమో, పోలింగే జరగనిచోట దాన్నెక్కడ నొక్కేది?

పైగా ఆ ఏడు బహుమానం. జనాభా రెండువేల లోపైతే 5 లక్షలు, పదివేలు దాటితే 20 లక్షలు. పోటీ లేని ఊరికి ప్రభుత్వమే ఇనాం ప్రకటించింది. ఇది ఒక్క పార్టీ పాపం కాదు, అంతకు ముందు ఏలినవారూ ఇచ్చారు. ఇక గుడికి ఎవరెక్కువ ఇస్తామంటే వారికే సర్పంచి పదవి అని రచ్చబండ మీద పాట పెట్టే ఊళ్లకు రెండువైపులా రాబడి.

తీరాన మన పట్టపు జాలర్ల పాళేలలో దీనికి ఇంకా పాత పనిముట్టుంది: దురాయి. కాపులనే ఊరి పెద్దలు కూర్చుని ఒక మాటంటే అదే కట్టుబాటు. మీరితే జరిమానా, కాదంటే వెలి. వేట మానమంటే పడవ కదలదు. సముద్రాన్ని పంచుకు బతికే ఊళ్లకు అలాంటి కట్టు అవసరమే, కాదనను. ఆ మాటే ఓటు దాకా వచ్చిందనుకోండి, అభ్యర్థికి ఎంత సుఖం! ఇంటింటికీ తిరగక్కర్లేదు, నలుగురు కాపుల్ని పలకరిస్తే చాలు.

పట్నంవాళ్లం మనమేం తక్కువ తిన్లేదు. 2021 నవంబరులో నెల్లూరు కార్పొరేషన్‌లో 54 డివిజన్లుంటే 54 ఒకే పార్టీకి దక్కాయి, అందులో ఎనిమిది ఏకగ్రీవం. కిమ్ గారు ఈర్ష్యపడాల్సిన లెక్క. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ కార్పొరేటర్లలో చాలామంది కండువాలూ మారాయి. ఓటర్లను మళ్లీ అడగాల్సిన పని మాత్రం పడలేదు.