కసువు వాక్యం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం

"నిన్న గదరా పెరికితివి! మళ్లా బండల సందుల్లో కసువు మొల్చిండాదే!"

అవతారిక

మదనపల్లెలో ఒకానొక గృహస్థుడు గేటు మొదలు కారు షెడ్డు దాకా మన్ను కనబడకుండా సిమెంటు బండలు పరిపించి, ఇక వాకిలి పీడ వదిలిందనుకుని, ఆదివారం పొద్దున పేపరు ముందేసుకుని కూర్చున్నాడు. అప్పుడు అరుగు మీదనుంచి వాళ్లమ్మ పలికిన పలుకే ఈ మూలం. వీధి వీధంతా ఆమెను అవ్వ అంటుంది; మనకూ అవ్వే. తొలకరికి ఒకసారి, ఈశాన్యపు వానలకు ఒకసారి ఈ వాక్యం పునశ్చరణ అవుతుంది. నడుమ అకాలపు జల్లు పడితే అది అధిక పాఠం.

కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు మల్లినాథసూరి సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. గడ్డి మీద రాసే వ్యాఖ్యకు ఆ పేరు పెడితే అవ్వ ఊరుకోదు. అందుచేత దీని పేరు 'నడుమునొప్పి'. మూలం వచనమే గాని యతి తప్పలేదు: 'పెరికితివి' దగ్గర అవ్వ ఆగింది, కొడుకు పేపరు దించేదాకా చూసింది, ఆ పిమ్మటే 'మళ్లా' అంది.

ప్రతిపదార్థం

నిన్న: గడచిన దినమున అని నిఘంటువు. ఇక్కడ పొసగదు. గృహస్థుడు గడ్డి మీద చేయి వేసింది వినాయక చవితికి ముందు. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. 'మొన్నమొన్ననే గదమ్మా పెరికితిని' అని కొడుకు అడ్డం పడతాడని అవ్వకు తెలుసు. ఆ వాదం అతని నోటికి రాకముందే తానే పలికి కొట్టేసింది. తర్కంలో దీన్ని పూర్వపక్షం అంటారు. అవ్వ తర్కం చదవలేదు. ముగ్గురు కొడుకులను పెంచింది.

గదరా: 'గదా', 'రా' అని పదచ్ఛేదం. మొదటిది సాక్ష్యం. రెండోది సంబోధన, దాని పని ముందు ముందు ఉంది, మరిచిపోరాదు.

పెరికితివి: వేరుతో సహా పెకలించితివి అని చెప్పుకోవాలని గృహస్థుని ఆశ. వ్యాఖ్యాత ఒప్పుకోడు. ఇక్కడ కొంత సేపు నిలవాలి. సందుల్లో మొలిచేవి రెండు తెగలు: పైనుంచి వచ్చేవి, కిందినుంచి వచ్చేవి. గాలికి తేలివచ్చే గడ్డిచామంతి, కాయ పగిలి గింజను చిమ్మే పులిచింత, నేలఉసిరి, కుప్పింటాకు, రెడ్డివారి నానబాలు పై తెగవి. బండ కింద పోసిన రోబోశాండ్‌తో వీటికి నిమిత్తం లేదు. సందు నెత్తిన పేరుకున్న చిటికెడు దుమ్ము చాలు. కింద ప్లాస్టిక్ పట్టా పరిపిస్తే ఇవి రావని మేస్త్రీ చెబితే నమ్మినవారు పట్టాకు డబ్బు పెట్టి దుమ్ముకు గింజలు నాటినవారే. వాన వెలిసిన మర్నాడు రెండు వేళ్లతో పట్టుకుంటే మాత్రం వేరుతో వచ్చేస్తాయి.

కింది తెగవారు వేరు: గరిక, తుంగ. అమరకోశం గరికకు చెప్పిన పేర్లలో శతపర్విక ఒకటి, అనంత ఒకటి. నూరు కణుపులది, అంతం లేనిది. ఇది స్తోత్రం కాదు, లక్షణం. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది కాబట్టి తెగిన తుంట ప్రతిదీ ఒక మొక్కే. తుంగ విషయంలో ఆ కోశం ఇంకా ముందుకు పోయి, మేఘానికి ఉన్న పేర్లన్నీ దీనికీ చెల్లుతాయంది. మబ్బు పట్టి వాన పడితే మూడునాళ్లకే సందులో కత్తిలా నిలబడేదాన్ని చూసినవాడు ఆ మాట కాదనడు. దాని బలమంతా నేలలోని గడ్డల్లో ఉంది. ఒక సన్నని తీగ మీద గడ్డ తర్వాత గడ్డ వరుసగా ఉంటుంది. పైకి మొలిచిన గడ్డ తక్కినవాటిని నిద్రలో ఉంచుతుంది. ఆ తీగ తెగిందా, పడుకున్నవన్నీ లేస్తాయి. కనుక తుంగ పట్ల 'పెరికితివి' అంటే 'నాటితివి' అని అర్థం చెప్పుకోవాలి. అలంకారికులు దీన్ని విపరీతలక్షణ అన్నారు.

మళ్లా: పునః. అటికమామిడిని సంస్కృతంలో పునర్నవ అన్నది ఇందుకే. ఆకంతా గీకేసినా లోతుగా దిగిన తల్లివేరు కొత్తగా చిగురిస్తుంది.

బండల సందుల్లో: అధికరణం. బండ మీద పడిన వాననీరంతా జారి చేరేది సందులోకే. చేరిన తేమ ఎండకు ఆరకుండా కాపాడేది ఆ బండే. పక్కన పోటీకి వేరే పైరు లేదు, మేసే గొర్రె లేదు. చేనులో గడ్డికి ఇంత భోగం ఎక్కడిది? బండకు బిల్లు కట్టింది గృహస్థుడు, కాపురం గరికది.

కసువు: గడ్డి అని ఒక అర్థం, ఊడ్చిపారేసే చెత్త అని ఇంకొకటి. సీమలో రెండూ వాడుకలో ఉన్నాయి. అవ్వ ఏది ఉద్దేశించిందో ధ్వని దగ్గర తేల్చుకుందాం.

మొల్చిండాదే: మొలిచి యున్నదే. చివరి ఏకారం వ్యాకరణం ప్రకారం అవధారణార్థకం. వాకిట్లో మాత్రం పేపరు మూయమనే విధ్యర్థకం.

తాత్పర్యం

పైపైన ఆకు తెంపి పని ముగిసెనని నమ్మిన కుమారా, వేరు ఉన్నచోటనే ఉన్నది, వాన కురిసినది, లేచి చూడుము అని భావం.

మతభేదాలు

ఈ వాక్యం మీద మూడు ఊళ్లలో మూడు సంప్రదాయాలు బయల్దేరాయి.

మదనపల్లె వారిది పెరుకుడువాదం. వాన పడిన మర్నాడు, ఎండ ఎక్కకముందు, చిన్నపీట వేసుకుని, పాత కొడవలి కొనతోనో పనికిరాని స్క్రూడ్రైవర్‌తోనో సందును రెండంగుళాల లోతుకు గీకి, వేళ్లు ఏరి, పొడి ఇసుక దట్టించాలి అని వీరి సిద్ధాంతం. వ్యాఖ్యాతకూ ఇదే సమ్మతం. ఇందులోంచి రెండు శాఖలు చీలాయి. కాగిన నీళ్లు పోసేవారు ఒకరు: లేత మొలకలు వడలిపోతాయి, నిజమే, తుంగగడ్డకు మాత్రం అది వేన్నీళ్ల స్నానం. ఉప్పు చల్లేవారు ఇంకొకరు. వీరి వాకిట్లో గడ్డికంటే ముందు గోడవారి కనకాంబరం చస్తుంది, ఆ తర్వాత సిమెంటు బండ పొరలు లేస్తుంది, గరిక చివరికి మిగులుతుంది.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఈ మదనపల్లెలోనే. ఆయన పేరు చెప్పుకుని ఒక ఉపమతం కూడా వీధి చివర వినిపిస్తుంది: గడ్డిని పీకాలన్న కోరిక లేకుండా, దానికి పేరు పెట్టకుండా, ఊరికే చూడు అని. ఆయన నెలకొల్పిన ఋషివ్యాలీ బడికి ఇందులో బాధ్యత ఏమీ లేదు. ఆ మతస్థుడికి మోకాళ్ల నొప్పులున్నాయి.

ఇక్కడే ఒక విచారం. అంట్లు కడిగిన నీళ్లు వాకిట్లోకి పారే ఇళ్లలో సందులో టమోటా మొలుస్తుంది. అది కలుపా, పంటా? ఊరు టమోటా మార్కెట్‌కు పేరుపడింది కాబట్టి ఈ ప్రశ్నకు శాస్త్రగౌరవం ఉంది. 2023 జూలైలో కిలో ధర 100 దాటి 200 దరిదాపులకు పోయినప్పుడు, గరికను పెరికిన చేయే టమోటా మొలక దగ్గర ఆగింది. చెంబుతో నీళ్లు కూడా పోసింది. ధర కూలి రైతులు రోడ్డు పక్క పారబోసి పోయే రోజుల్లో ఆ మొలకనే గరికతో కలిపి లాగేశారు. గరికకైనా ఏడాదికో మర్యాద ఉంది. చవితినాడు 21 పత్రుల్లో అదొకటి, ఉత్తరేణి ఇంకొకటి. ముందు వారం సందులన్నీ గీకిన గృహస్థుడు ఆ పొద్దున బజారులో గరిక కట్ట కొంటూ కనిపిస్తాడు. కలుపు అన్నది మొక్క గుణం కాదని, పంచాంగం మీదా మార్కెట్ మీదా ఆధారపడిన ఉపాధి అని నవ్యులు.

పుంగనూరు వారిది గోవాదం. పీకడమెందుకు, మేపితే పోదా అంటారు. ఆ ఊరి పేరున్న ఆవు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు. గేటులోంచి, కారు పక్కనుంచి, తులసికోట చుట్టూ అడ్డం లేకుండా తిరుగుతుంది. కొద్దిపాటి మేతతో బతుకుతుంది, పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందని ప్రతీతి. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో వీటికి మేత పెడుతున్న చిత్రాలు వచ్చాక ఈ మతానికి దేశమంతా అనుయాయులు పెరిగారు. ఖండనం: ఆవు మేసేది ఆకును, గడ్డను కాదు. పైగా మేసిన గడ్డిలో గట్టి గింజలు కొన్ని కడుపులో చావకుండా పేడలో పడి, ఎరువుతో సహా మళ్లీ సందుకే చేరతాయి. ఇంకో దోషం, వయ్యారిభామను ఏ ఆవూ మనసారా ముట్టదు. గతిలేక తింటే పాలు చేదెక్కుతాయి. 1950ల్లో పుణె వైపు కంటబడి దేశమంతా పాకిన ఆ మొక్కను మేయడానికి 1984లో బెంగళూరులో మెక్సికో పురుగును తెచ్చి వదిలారు. పురుగు బతికింది, ఆకులు మేస్తోంది, భామ కూడా వయ్యారంగానే ఉంది. దాన్ని పూత రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకుని పెరకాలి; చర్మానికి తగిలితే దురద, దద్దుర్లు. ఆవును కొనాలంటే కొనండి. గడ్డి కోసం మాత్రం వద్దు.

కుప్పం వారిది శిలావాదం. మూలానికి వారి ప్రతిలో పాఠాంతరం కూడా ఉంది: 'కల్లు సందుల్లో' అని. అరవం, కన్నడం, తెలుగు ఒకే టీకొట్టు దగ్గర కలిసే ఆ ఊళ్లో కల్లు అంటే రాయి. కోస్తా నుంచి వచ్చిన ఒక పండితుడు దీన్ని తాటికల్లుగా గ్రహించి అవ్వ శీలాన్ని శంకించాడు. ఆ పాఠం ఉపేక్షణీయం. వారి వాదం ఇది: సందు ఉంటేనే కదా గడ్డి, పెద్ద పెద్ద గ్రానైట్ పలకలు పరిచి సందు పూడిస్తే సరి. 'కుప్పం గ్రీన్' పేరుతో రాయి దేశాలు దాటి పోతున్న ఊరివారు ఇంకెలా అనగలరు? ఖండనం కష్టం కాదు. ఎండకు రాయి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, సందులో పూసిన సిమెంటు వెంట్రుకవాసి బీటలిస్తుంది. ఆ వెంట్రుకవాసిలో దుమ్ము, దుమ్ములో గింజ. పైగా ఇంకని నీరు ఎటో ఒకటి పోవాలి గదా. పక్కింటి గుమ్మం ఎక్కుతుంది. హంద్రీ-నీవా నీళ్లకు దశాబ్దాలు ఎదురుచూసిన సీమలో, తన వాకిట పడిన వానచుక్కను కాలవలోకి తోసేయడం ఎట్టి వాదమో వ్యాఖ్యాతకు బోధపడదు.

మందు కొట్టేవారున్నారు. వారు ఏ ఊరికీ చెందరు, అంగడికి చెందుతారు. గ్లైఫోసేట్ పచ్చని ఆకు ద్వారా వేరుకు దిగి పది పదిహేను రోజుల్లో మొక్కను ఎండగడుతుంది. మొలకెత్తని గింజను ఏమీ చేయదు. బండ మీద పడింది వానకు కాలవ పాలు. 2022 అక్టోబరులో కేంద్రం దీని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కారు వాకిలికి, పిల్లలు బొమ్మలతో దొర్లే వాకిలికి, అది మితిమీరిన అస్త్రం అని వ్యాఖ్యాత మతం.

శంక, సమాధానం

శంక: బండలు లేని కాలంలో ఈ వాకిట్లో గడ్డి లేదు. మట్టినేల. గింజకు, వేరుకు మట్టికంటే ఏం కావాలి? మట్టిలో మొలవనిది బండల నడుమ ఎందుకు మొలిచింది?

సమాధానం: అప్పుడు రోజూ తెల్లారేసరికి టెంకాయపుల్లల పొరక ఆ నేలంతా తిరిగేది. కసువు ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు వేసేవారు. గింజ కుదురుకునే వ్యవధి లేదు. మొలక రెండో ఆకు వేయకముందే పొరకపుల్ల దాన్ని లేపేసేది. నేల కాలి తొక్కిడికి గట్టిపడి ఉండేది. బండలు వచ్చినాక ఊడ్చే పని తప్పిందనుకున్నారు. దుమ్ము సందుల్లో నిలిచింది, ఎవరూ కదపలేదు. దుమ్మే మొలిచింది.

ధ్వని

ఇప్పుడు కసువు రెండర్థాలూ ఒకటయ్యాయి. నిన్న చెత్తగా ఊడ్చనిదే నేడు గడ్డిగా లేచింది. వాచ్యార్థం గడ్డిని గురించి; వ్యంగ్యార్థం 'నేను ఊడ్చినన్నాళ్లు ఇది లేదు, నేను కూర్చున్నాక పొరక ఎవరూ ఎత్తలేదు' అని. కొందరు వ్యాఖ్యాతలు ఈ ఎత్తిపొడుపు కోడలికి తగులుతుందని రాశారు. అది తప్పు. ఇందాక పక్కన పెట్టిన 'రా' ఇక్కడ పనికొస్తుంది. అది పుంలింగ సంబోధన. అవ్వ 'గదమ్మా' అనలేదు, 'గదరా' అంది. కోడలు ఆ వేళకు చంటిదానికి అన్నం కలుపుతోంది, ఆదివారం పూట ఆమెకు పేపరు పేజీ ఒక్కటీ చేతికి రాలేదు. కాబట్టి పొరక పట్టవలసినవాడు పేపరు పట్టినవాడే అని వ్యాకరణబలం చేత సిద్ధిస్తున్నది. వారానికి రెండుసార్లు గట్టి పొరకతో సందులకు అడ్డంగా ఊడిస్తే పై తెగ కుదురుకోదు. కింది తెగ తలెత్తినప్పుడల్లా, బలం కూడగట్టకముందే, గడ్డతో తవ్వి తీయడం మిగులుతుంది. తుంగకు ఇది ఒక్క సీజనులో తెమిలే పని కాదు.

రసం? అవ్వ పక్షాన రౌద్రం, గృహస్థుని పక్షాన కరుణం, మేడ మీదనుంచి చూస్తున్న పొరుగువారికి హాస్యం.

అనుబంధం

మూలానికి రెండో వాక్యం కూడా ఉంది: "పెరికినదంతా గేటు బయట కుప్పెయ్యబాక, ఆడ మొలుస్తాది!" కణుపుతో తెగిన గరిక, గడ్డతో ఊడిన తుంగ తడినేల తగిలితే మళ్లీ వేరు వేస్తాయి కనుక మేడ మీద నాలుగెండలు ఎండనిచ్చి ఆపైన పారేయాలని దీని అర్థం అయి ఉండవచ్చు. పూర్వ వ్యాఖ్యాతలు ఎవరూ ఈ వాక్యాన్ని ముట్టలేదు. పెరకడం అయ్యేసరికి అందరూ స్నానానికి వెళ్లిపోయారు.