లడ్డూకు తీపి తెలియదు

మందు సీసా మీద ‘వాడే ముందు బాగా కుదపవలెను’ అని అచ్చు వేయించినవాడు పిల్లిని పెంచి ఉండడు. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే పిల్లి చెవి 60 వేలు దాటి కూడా వింటుంది. గోడ సందులో ఎలుక పిల్లల కిచకిచలు పట్టే ఆ చెవులకు వంటింట్లో సీసా కుదుపు వినపడదా? నేను మూత తీసేలోగా మా లడ్డూ బీరువా మీద సూట్‌కేసుల వెనక చేరిపోయి ఉంటుంది. అక్కణ్ణుంచి రెండు కళ్ళు మాత్రం కనిపిస్తాయి. వాటిలో భయం లేదు, నిఘా ఉంది.

లడ్డూకు తుమ్ములు పట్టుకున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు. రాజమండ్రిలో మేం చూపించే డాక్టరమ్మగారు డాక్సీసైక్లిన్ రాశారు. మాత్ర ఇస్తే సులువు కదండీ అన్నాను. ఈ మాత్ర నీళ్ళు పట్టకుండా వేస్తే పిల్లి ఆహారనాళంలో ఇరుక్కుని అక్కడే పుండు చేస్తుందట. అందుకని సిరప్. పోనీ పాలల్లో కలిపేద్దామంటే, పాలలోని కాల్షియం ఆ మందును పట్టేసుకుంటుందట. తెనాలి రామకృష్ణుడి పిల్లి వేడి పాలకు మూతి కాల్చుకుని ఆపైన పాలగిన్నె చూస్తే పారిపోయిందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆయన పాలు కాచడం అనవసరం. నాలుగు చుక్కల సిరప్ చాలు.

“స్ట్రాబెర్రీ ఫ్లేవరండీ, తియ్యగా ఉంటుంది” అని మందుల షాపు కుర్రాడు భరోసా ఇచ్చాడు. పిల్లికి తీపి అనే రుచే తెలియదు. నాలుక తీపిని గుర్తించాలంటే రెండు జన్యువులు కలిసి పనిచేయాలి. పిల్లి జాతిలో వాటిలో ఒకటి ఎప్పుడో చెడిపోయిందని 2005లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. పులికీ చీతాకీ కూడా అంతే. చేదు మాత్రం బ్రహ్మాండంగా తెలుస్తుంది. అంటే కంపెనీవాడు కలిపిన తీపంతా కొనేవాడి తృప్తికి, అడుగున మిగిలిన చేదంతా తాగేదాని వాటాకు. అలాంటి ప్రాణికి ఏరికోరి లడ్డూ అని పేరు పెట్టింది మా అమ్మాయి.

పిల్లికి జబ్బు చేస్తే వీధిలో ప్రతివాళ్ళూ వైద్యులే. ఎదురింటి బాబాయిగారు “ఒళ్ళు వెచ్చగా ఉంది, మనవడి జ్వరం సిరప్ ఉంది, రెండు చుక్కలు పొయ్యి” అంటూ సీసా పట్టుకొచ్చారు. ఇక్కడ మాత్రం నవ్వులు పక్కనపెట్టి చెప్పాలి. ఆ సిరప్‌లో ఉండే పారాసెటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది, ప్రాణమే పోవచ్చు. బాబాయిగారిని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, సీసా ఆయన జేబులోనే పెట్టి పంపించాం.

సిద్ధాంతం తేలికే. సూది తీసేసిన చిన్న సిరంజి. కోరపన్ను వెనక కాస్త ఖాళీ ఉంటుంది, అక్కణ్ణుంచి చెంపలోకి కొద్దికొద్దిగా వదలాలి. తల పైకెత్తకూడదు, ఒక్కసారిగా నొక్కకూడదు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతే ఉన్న రోగం పోయి కొత్త రోగం వస్తుంది. నాలుకతో ముక్కు నాకిందంటే మింగినట్టు లెక్క. డాక్టరమ్మగారు బల్లమీద చేసి చూపించినప్పుడు లడ్డూ కళ్ళు కూడా ఆర్పలేదు. “ఎంత బుద్ధిమంతురాలో!” అని ఆవిడ మురిసిపోయారు.

బుద్ధి ఆసుపత్రి గుమ్మందాకానే. పిల్లికి ముందు కాళ్ళకు అయిదేసి, వెనక కాళ్ళకు నాలుగేసి, వెరసి 18 గోళ్ళు. నాకూ మా ఆవిడకూ కలిపి చేతులు నాలుగే. అందుకని తువ్వాలు. ఆత్రేయపురం పక్కనే ఉన్నందుకు ఆ మాత్రం విద్య వచ్చు కాబట్టి లడ్డూను పూతరేకులా చుట్టేశాం. చుట్ట బిగిసింది, తల ఒక్కటే బయట. సిరంజి దగ్గరికి తెచ్చేసరికి చుట్ట అలాగే ఉంది, లోపల లడ్డూ లేదు. రెండో ఆవృత్తిలో సగం మందు లోపలికి వెళ్ళింది, సగం నా చొక్కా తాగింది. వెంటనే దాని మూతినిండా తెల్లటి నురగ. “ఒరేయ్, పిచ్చెక్కిందిరా దీనికి!” అని మా అమ్మ కేక. డాక్టరమ్మగారికి ఫోన్ చేస్తే నవ్వారు. చేదు తగిలితే పిల్లులు అలాగే చొంగ కారుస్తాయట. ఎంత పోయిందో తెలియదు కనక మళ్ళీ పొయ్యొద్దన్నారు. ఆ మాట కోసమే మేమిద్దరం దేవుడికి మొక్కుతున్నాం.

మర్నాడు అమ్మ రంగంలోకి దిగింది. ఉగ్గుగిన్నెతో మా అందరికీ ఆముదం పట్టించిన చెయ్యి అది. ఉప్పు, కారం, ఉల్లిపాయ ఏమీ లేకుండా చేపముక్క ఉడికించింది. గోదావరి జిల్లాలో చేపకు అంతకంటే అవమానం లేదు, కానీ ఉల్లి, వెల్లుల్లి పిల్లికి పడవు. నేలమీద చతికిలబడి, లడ్డూ వీపు తన పొట్టకు ఆనేలా కూర్చోబెట్టుకుంది. వెనక్కి జరగడానికి దానికి చోటు లేదు. సిరంజి మొన చేపనీళ్ళలో ముంచి నాకించింది, చెంపలోకి ఓ చుక్క, మళ్ళీ చేపనీళ్ళు, మళ్ళీ చుక్క. లడ్డూ ముక్కు నాక్కుంది. నా పని తువ్వాలు అందించడం, అంతే.

తుమ్ములు తగ్గాయి. మందు పోసిన అమ్మ ఒడిలోనే లడ్డూ పడుకుని గుర్రుగుర్రుమంటుంది. పగ పట్టింది తువ్వాలు మీద, దాన్ని పట్టుకున్న నా మీద. నేను తువ్వాలు భుజాన వేసుకుంటే చాలు, మర్నాటిదాకా అన్నం ముట్టదు. అందుకని పొద్దున్నే తువ్వాలును చొక్కా లోపల కుక్కుకుని దొంగలా స్నానానికి వెళ్తున్నాను. వంటింటి గుమ్మంలో మా ఆవిడ కాపలా. “ఏమండీ, అటు తిరిగి ఉంది, వచ్చేయండి!”