కన్నప్ప మూడు కొటేషన్లు పిలవలేదు

కళ్ల మెయింటెనెన్సులో శ్రీకాళహస్తిని మించిన ఊరు లేదు. స్వామి కంట్లోంచి నెత్తురు కారుతోందని కన్నప్ప చూశాడు. టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చెయ్యలేదు, మూడు కొటేషన్లు పిలవలేదు, వారంటీ కార్డు వెతకలేదు. తన కన్నే పెకలించి పెట్టేశాడు. రెండో కన్నూ కారడం మొదలయ్యేసరికి, ఉన్న ఒక్కటీ తీసేస్తే చోటు తెలియదని కాలు ఆనించి గుర్తు పెట్టుకుని మరీ పనికి దిగాడు. సామాను ఖర్చూ కూలీ ఖర్చూ రెండూ ఆయనవే. చివరికి స్వామే వద్దు వద్దని ఆపాల్సి వచ్చింది.

ఆ చుట్టుపక్కల ఇప్పుడు పాల డెయిరీలున్నాయి, నెయ్యి యూనిట్లున్నాయి, చిత్తూరు వైపు వెళ్తే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. గేటు మీద ‘మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు’ అని బోర్డు. మొత్తం వ్యవస్థలో ఏనాడూ రిపేరుకు రానిది ఆ బోర్డొక్కటే.

ఏ ఫ్యాక్టరీ అయినా సరే, సెక్యూరిటీ గదిలోకి తొంగి చూడండి. టీవీ నిండా గళ్లు. సగం గళ్లలో బొమ్మ, మిగతా వాటిలో ‘నో సిగ్నల్’. పక్కనే రిజిస్టరు. నెల పొడుగునా ‘అన్ని కెమెరాలు ఓకే’ అని ఒకే పెన్నుతో, ఒకే చేత్తో, ఒకే ఊపులో టిక్కులు. ఆదివారానికీ ఉంది. రేపటికి కూడా ఉంది.

“ఏమబ్బా, ఆ పదకొండోది నల్లగా ఉండాదే?”

“అది చీకటి సార్. స్టోర్ రూములో లైటు లేదు.”

“లైటేస్తే కనబడతాదా?”

“లైటేస్తే కెమెరా కూడా లేదని తెలిసిపోతాది సార్.”

ఇంకో గడిలో బొమ్మ చక్కగా వస్తోంది. పాల ట్యాంకరు లోపలికొస్తోంది, డ్రైవరు దిగుతున్నాడు. మూలన తేదీ చూస్తే 1 జనవరి 2000. రికార్డరులో నాణెమంత బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది పాతికేళ్లు వెనక్కి పోతుంది. భారతీయ సాక్ష్య అధినియం 1 జులై 2024 నుంచి అమల్లోకి వచ్చింది. ఫుటేజీని కోర్టులో పెట్టాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ రాయాలి. పాల ప్యాకెట్టు మీద నిన్నటి తేదీ, ఆ పాలు తెచ్చిన ట్యాంకరు మీద పోయిన శతాబ్దపు తేదీ: దీనికి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే మేనేజరుకు కన్నప్పంత గుండె ఉండాలి.

ఇక శ్రీకాళహస్తి మహిమ చూడండి. పురాణంలో ఇక్కడి స్వామిని కొలిచిన సాలెపురుగు, పాము, ఏనుగు ముగ్గురూ ఇప్పటికీ డ్యూటీలోనే ఉన్నారు.

సాలెపురుగు నైట్ షిఫ్టు. చీకటి పడగానే కెమెరా చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. ఆ కాస్త వెలుగుకూ వెచ్చదనానికీ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు చేరుతుంది, లెన్సు ముందు భక్తితో గూడు అల్లుతుంది. గాలికి గూడు ఊగినప్పుడల్లా కెమెరా ‘ఎవరో కదిలారు’ అనుకుని రికార్డు చేస్తుంది. తెల్లారేసరికి డిస్కు నిండా సాలెగూడు ఊయలాట. దానికి చోటివ్వడానికి పాత ఫుటేజీ చెరిగిపోతుంది. ఏ ట్యాంకు మూత ఎవరు తీశారో ఆ పాతదాంట్లో ఉండేది.

పాము మణులు తెచ్చి అలంకరిస్తే, ఏనుగు వాటిని తోసేసి తొండంతో నీళ్లు పోసి పూజ చేసిందని కథ. మన ఫ్యాక్టరీలో ఐటీ వాళ్లు పాములు. ఆఫీసు గదికి సరిపోయే కెమెరాను మణిలా తెచ్చి పాశ్చరైజర్ మీద బిగిస్తారు. శానిటేషన్ వాళ్లు ఏనుగులు. షిఫ్టు మారగానే ప్రెషర్ పైపుతో వేడి నీళ్లు, కాస్టిక్ కొట్టి గోడలు కడుగుతారు. కడగాల్సిందే, అది ఆహారం తయారయ్యే చోటు. కానీ ఆ నీళ్ల దెబ్బకు తట్టుకునేలా సీలు చేసిన కెమెరా కొనమని కొనే రోజున ఎవరూ చెప్పరు. డోము లోపల ఆవిరి పడుతుంది. అప్పటినుంచి ఆ కెమెరాకు ప్రపంచమంతా మార్గశిర మాసమే. పురాణంలో ముగ్గురికీ మోక్షం వచ్చింది. ఇక్కడ మెయింటెనెన్సు కాంట్రాక్టరు ఒక్కడికే, అదీ బిల్లు రూపంలో.

గేటు కెమెరా మాత్రం బాగుంటుంది, మామిడి సీజన్లో మరీనూ. 2025లో తోతాపురి ధర కూలి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూ కట్టినప్పుడు, కిలోకు ఫ్యాక్టరీ ₹8, ప్రభుత్వం ₹4 ఇవ్వాలని లెక్క కట్టారు. ఎనిమిది అందలేదని రైతులు మొత్తుకున్నారు. ట్రాక్టరు నంబరు పట్టే కెమెరాలున్నాయి. ఎనిమిది రూపాయలు ఎక్కడ ఆగిపోయాయో పట్టేది ఇంకా మార్కెట్లోకి రాలేదు.

ఇప్పుడు అసలు నెయ్యి దగ్గరికొద్దాం. 2024 జులైలో తిరుమలకు వచ్చిన నెయ్యి శాంపిళ్లను ఆనంద్‌లోని ఎన్‌డీడీబీ ల్యాబుకు పంపితే కల్తీ అని నివేదిక వచ్చింది. సెప్టెంబరులో రచ్చ అయింది. 4 అక్టోబరు 2024న సుప్రీంకోర్టు ఐదుగురితో ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసింది: సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార భద్రతా సంస్థ నుంచి ఒకరు. 2025 ఫిబ్రవరిలో నలుగురిని అరెస్టు చేశారు. వారిలో ఒకరు మన పక్కవారే. శ్రీకాళహస్తి నుంచి నాయుడుపేట పోయే దారిలో, పెళ్లకూరు మండలంలోని వైష్ణవి డెయిరీకి చెందినవారు. కొండ మీద తిరస్కరించిన దిండిగల్ ఏఆర్ డెయిరీ నెయ్యి ట్యాంకర్లు సొంతూరికి తిరిగి పోలేదని, ఈ డెయిరీ దగ్గరికి చేరాయని, లేబుళ్లు మార్చుకుని ఆగస్టులో మళ్లీ కొండెక్కాయని సిట్ ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది.

నా గొడవ వేరే. ఆ దారిలో కళ్లెన్ని ఉండాలో చూడండి. ఫ్యాక్టరీ గేటు, వేబ్రిడ్జి, టోల్ ప్లాజా, అలిపిరి తనిఖీ. ట్యాంకరులో ఉన్నది నెయ్యో పామాయిలో కెమెరా చెప్పలేదు, ఒప్పుకుంటాను. అది గ్యాస్ క్రొమటోగ్రఫీ చెప్పాల్సిన సంగతి. కానీ ‘పోయిన నెల వెనక్కి పంపిన బండే కదా ఇది’ అన్న ముక్క చెప్పడానికి కెమెరా చాలు. గడియారం సరిగా ఉండాలి, డిస్కు బతికుండాలి, చూసే మనిషి మేలుకుని ఉండాలి. ఆగస్టు బండి కోసం ఫిబ్రవరిలో అరెస్టులు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజా భద్రత చట్టం ఫుటేజీని 30 రోజులు దాచమంటుంది. ఇంగ్లండులో 2018 నుంచి పశువధశాలల్లో కెమెరాలు తప్పనిసరి, ఫుటేజీ 90 రోజులు ఉంచాలి. మన దర్యాప్తుల వేగానికి తొంభై కూడా చాలదు.

పరాయి దేశాల వాళ్లను మరీ నెత్తినెత్తుకోనక్కర్లేదు. 19 అక్టోబరు 2025న పారిస్ లూవ్ర్ మ్యూజియంలో నగలు పోయాయి. దొంగలెక్కిన బాల్కనీ వైపు కాకుండా అక్కడి బయటి కెమెరా పడమటి దిక్కుకు తిరిగి ఉందని మ్యూజియం అధ్యక్షురాలే సెనేటుకు చెప్పింది. 2014లో చేసిన సైబర్ తనిఖీలో నిఘా సర్వరు పాస్‌వర్డ్ మ్యూజియం పేరేనని ఆ తర్వాత బయటికొచ్చింది. అది చదివి మనవాళ్లు నవ్వుకున్నారు. మన పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. రికార్డరు మీద స్టిక్కరు వేసి, స్కెచ్ పెన్నుతో రాసి, పైన టీ గ్లాసు పెట్టి ఉంటుంది.

గ్రహణం పడితే దేశంలో చాలా గుళ్లు మూసేస్తారు, శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుంది. ఫ్యాక్టరీ కెమెరాలది దీనికి తలకిందులు. ఏడాదంతా తెరిచే ఉంటాయి, సరిగ్గా ఏదైనా జరిగిన రాత్రే వాటికి గ్రహణం. రాహుకేతు పూజ చేయిస్తే పోతుందని ఒక ఓనరు ఆలోచిస్తున్నాడంటే నేను ఆశ్చర్యపోను. లెన్సు తుడిచే గుడ్డ కొనడం కంటే అది సులువు, రసీదు కూడా ఇస్తారు.

ఆడిట్‌కు వచ్చే అయ్యలారా, అమ్మలారా! రిజిస్టరు అడగొద్దు, అది ఎప్పుడూ ఓకేనే. నిన్న రాత్రి రెండింటికి నెయ్యి ట్యాంకు మూత దగ్గర ఎవరున్నారో ఇప్పటికిప్పుడు తీసి చూపించమనండి. మూలన తేదీ చూడండి, మీ చేతి గడియారంతో పోల్చండి. చూపించగలిగితే సంతకం పెట్టండి. ఐటీ అబ్బాయి సెలవులో ఉన్నాడంటే మాత్రం వాళ్లిచ్చే కాఫీ తాగకండి, లడ్డూ ముట్టకండి. కుర్చీ లాక్కుని, అతను వచ్చేదాకా అక్కడే కూర్చోండి.